బాధ్యత సరే, లెక్క ఎవరు చెబుతారు?

రెస్పాన్సిబిలిటీ, అకౌంటబిలిటీ. ఈ రెండు ఇంగ్లిషు మాటల్ని ఒకటేనన్నట్టు వాడేస్తుంటాం. మొదటిది బాధ్యత, రెండోది జవాబుదారీతనం. గుంటూరు మిర్చి యార్డుకు వెళ్తే తేడా ఇట్టే తెలుస్తుంది. బస్తా దించడం హమాలీ బాధ్యత, తూకం రాయడం గుమాస్తా బాధ్యత. సొమ్ములో తేడా వస్తే మాత్రం రైతు నిలదీసేది తక్‌పట్టీ ఇచ్చిన కమీషన్ ఏజెంటునే. బాధ్యతను పదిమందికి పంచవచ్చు, జవాబును పంచలేం.

లూకా సువార్త 16వ అధ్యాయంలోని గృహనిర్వాహకుడు కూడా బాధ్యతలో ఉన్నన్నాళ్లూ దర్జాగానే ఉన్నాడు. యజమాని లెక్క అడిగిన రోజే అతనికి చెమటలు పట్టాయి.

ఒంగోలు మిషనరీ జాన్ క్లౌ 1876-78 కరువులో బకింగ్‌హాం కాలువ తవ్వకంలో కొన్ని మైళ్ల పనిని కాంట్రాక్టుకు తీసుకుని వేలాదిమందికి కూలీ చూపించాడు. తవ్విన మట్టికి సర్కారుకు లెక్క చెప్పడం కాంట్రాక్టరుగా ఆయన వంతు. అంతకన్నా పెద్ద లెక్క మరొకటుంది. ఆకలితో ఉన్నవారు బాప్తిస్మం అడిగితే, గింజల కోసమా క్రీస్తు కోసమా? ఏడాదికి పైగా ఆయన బాప్తిస్మాలు ఆపేశాడు. కాలువ పని ముగిశాకే, 1878 జూలై 3న వెలంపల్లి దగ్గర గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం పొందారు. అందరికీ ఆ సంఖ్యే గుర్తు. నాకైతే ఆయన ఆగిన ఆ నెలలే విలువైనవి అనిపిస్తుంది.

ఆమధ్య ప్రకాశం జిల్లాలో ఒక పల్లె సంఘానికి కోతల పండుగకు వెళ్లాను. ఆరాధన కాగానే ఒక అవ్వ లేచి, "అయ్యా, పోయినేడు కాయలు కోసిన కూలి డబ్బులు ప్రహరీకని ఇచ్చానే, గోడ ఏదయ్యా?" అంది. కోశాధికారి నొచ్చుకున్నాడు. "ఇరవై ఏళ్లుగా ఈ బాధ్యత మోస్తున్నా. నన్నే అనుమానిస్తావా అవ్వా?" అన్నాడు. ఆయన దొంగ కాడు, అది ఊరందరికీ తెలుసు. కానీ అవ్వ అడిగింది బాధ్యత గురించి కాదు. యెరూషలేము పేదల కోసం కానుక పోగుచేసిన పౌలు, ఎవరూ వేలెత్తి చూపకూడదని సంఘాలు ఎన్నుకున్న సహోదరుణ్ణి ఆ పనికి తోడు పెట్టుకున్నాడు. 2 కొరింథీ 8లో ఉంది. దాన్ని ఆయన అవమానమనుకోలేదు.

పాస్టరుగారు ఈ సంగతే మెల్లగా గుర్తుచేశారు. కోశాధికారి కాసేపు మాట్లాడలేదు. తర్వాత ఇంటికెళ్లి పుస్తకం తెచ్చాడు. అవ్వకు చదువు రాదు. మనవరాలు పద్దులు ఒక్కొక్కటే చదువుతుంటే, తన నూట యాభై రూపాయల దగ్గర ఆపి, "మరోసారి చదువమ్మా" అంది.