సుగ్గికి ఇంగ్లీషులో ఏమంటారు తాతా?

రాండ్రా, ఇట్ల అరుగు మీద కూర్చోండి. అవ్వ ఉగ్గాని చేస్తా ఉంది, అది అయ్యేలోపల ఒక కబురు చెప్తా.

మొన్న మన చిన్నోడు మంత్రాలయం పోయొచ్చి, నోటుబుక్కులో ‘ఐ హ్యాడ్ ఎ నైస్ ట్రావెల్’ అని రాస్తే టీచరమ్మ ఎర్రపెన్నుతో కొట్టేసిందంట. పాపం, వాడి తప్పేముంది? బస్సుల మీద ఇంతింత అక్షరాలతో ‘ట్రావెల్స్’ అని రాసుకుంటారాయె! సంగతేందంటే, ట్రావెల్ అనేది జొన్నపిండి లాంటిది. ఒక పిండి, రెండు పిండ్లు అని ఎవరన్నా లెక్కపెడతారా? రొట్టెలైతే లెక్కపెడతాం. ట్రిప్పు, జర్నీ, టూరు, ఇవన్నీ ఆ పిండితో కొట్టిన రొట్టెలు. పొద్దున పోయి సాయంత్రానికి ఇల్లు చేరినాడు కాబట్టి వాడిది ట్రిప్పు. ఇసుక ట్రాక్టరోళ్లు ‘ఈ పొద్దు నాలుగు ట్రిప్పులు కొట్టినాం’ అంటారు చూడు, వాళ్లకు ఈ లెక్క ఏ టీచరూ చెప్పకుండానే తెలుసు.

జర్నీ కథ ఇంకా బాగుంటుంది. ఫ్రెంచి భాషలో దినానికి ఉన్న మాట నుంచి పుట్టింది అది. ఒక పగటి నడక అన్నమాట. మన మజిలీ లాంటిదే! ఏనుగుల వీరాస్వామయ్య 1830లో మద్రాసు నుంచి కాశీకి బయల్దేరి, మజిలీ మజిలీకి ఆగుతూ, చూసిందంతా రాసుకుంటూ పోయి, 1831లో ఇల్లు చేరినాడు. దాన్ని ట్రిప్పంటే ఆయనకు కోపమొస్తాది. 1871లో మద్రాసు రైలుదారి, బొంబాయి రైలుదారి రాయచూరులో కలిసినాక, ఆదోనిలో రైలెక్కినోడికి మజిలీల పనే లేకపోయింది. జర్నీ అనే మాట మాత్రం మిగిలింది.

వాయేజ్ అంటే ఇప్పుడు ఓడ ప్రయాణమే గానీ, దాని లాటిన్ మూలానికి అర్థం ఏందో తెల్సా? సద్దిమూట! దారిలో తినడానికి కట్టుకుపోయే బత్తెం. ఈ సంగతి తెలిసిన రోజు నాకు పట్టలేనంత నవ్వొచ్చింది. మా నాయన భుజాన రొట్టె, చెనక్కాయల పొడి మూట వేసుకుని సంతకు పోయేటోడు. ఓడ ఎక్కకుండానే ఎన్ని వాయేజులు చేసినాడో!

టూరంటే చుట్టి రావడం. దాని వేరు పోయి పోయి వడ్రంగి తరిమెన దగ్గర తేలుతుంది. ఇంక ఎమ్మిగనూరు నుంచి ఆదోనికి రోజూ కాలేజీకి పోయే మీ అక్కది కమ్యూట్. అమెరికాలో రైలోళ్లు రోజువారీ టికెట్లకు బదులు తక్కువకు ఇచ్చిన పాసు నుంచి వచ్చిందా మాట. అక్క చేతిలో ఉండే బస్సు పాసు లాంటిదే అనుకో. షటిల్ బస్సు అంటారు చూడు, అది మన మగ్గంలో నాడె. 1938లో మాచాని సోమప్ప నేతగాళ్ల సంఘం పెట్టిన ఎమ్మిగనూరులో పుట్టి, నాడె అటూ ఇటూ ఉరకడం చూడకుంటే ఎట్లరా?

సరే, నువ్వడిగిన దానికొస్తా. సంక్రాంతి దాటితే కోసిగి నుంచి ఇటు మన ఊళ్ల దాకా ఎన్ని ఇండ్లకు తాళాలు పడతాయో చూస్తనే ఉన్నావు. గిన్నెలు, మూటలు, పిల్లాజెల్లా బండెక్కి గుంటూరు పక్క మిరపకాయలు తెంపను పోతారు. సుగ్గికి పోయినారంటాం. అది టూరు కాదు, ట్రిప్పు అసలే కాదు. పేపరోళ్లు మైగ్రేషన్ అని రాస్తారు. ఆ మాట కొంగలకూ వాడతారు. కన్నడంలో సుగ్గి అంటే పంట కోతల కాలం, సంబరం. సరిహద్దు దాటి మన దగ్గరికొచ్చేసరికి ఊరోళ్ల పంటలో మన కూలి అయి కూర్చుంది. ట్రావెల్ అనే మాటకు మూలం కష్టం, పాటు అని చెప్తారు. ఆ పాత అర్థమొక్కటే దీనికి కాస్త దగ్గర.

నువ్వూ సుగ్గికి పోయొచ్చినోడివే కదా, గుంటూరు దాకా బండిలో పోయిన ఆ రాత్రిని జర్నీ అని రాయి. సుగ్గిని ఇంగ్లీషు అక్షరాల్లో సుగ్గి అనే రాయి. టీచరమ్మ అడిగితే తాత చెప్పినాడని చెప్పు.