శాసనసభ్యునకు రైతు వ్రాయవలసిన ఉత్తరము



ఆశ్వయుజ కార్తికములలో తుఫాను వానలకు వరిచేలు మునిగి, మురుగు కాలువ గుర్రపుడెక్కతోను పూడికతోను నిండి నీరు కదలక నిలిచినప్పుడు మన డెల్టా గ్రామములలో సాధారణముగా జరుగు పని యొకటి కలదు. పదిమంది రైతులు కలిసి శాసనసభ్యుని యింటికి పోవుదురు. ఆయన వరండాలో నిలిచి అందరి మాటలును వినును. "చూతము" అనును. మరునాడు మరియొక గ్రామమువారు వత్తురు. మాటలు నీటిమూటలు గదా! ఆయన చేతికి కాగితమేదియు అందనిచో మన మొర ఆ వరండాలోనే నిలిచిపోవును. కావున ఆ కాగితమును గూర్చి కొంత ముచ్చటించెదను.

మొదట అది ఎవరికి చేరవలెనో తెలియవలెను. సాగునీరు, మురుగు, చెరువు కట్ట, తూము, భూమి రికార్డులు, మార్కెట్ యార్డు, ఇవన్నియు రాష్ట్ర ప్రభుత్వపు వ్యవహారములు. వీనికి శాసనసభ్యునకే వ్రాయవలెను. ఆంధ్రప్రదేశ్ శాసనసభయందు 175 మందియు, తెలంగాణ శాసనసభయందు 119 మందియు ఎన్నికైన సభ్యులు కలరు. మద్దతు ధర, ఎరువుల సబ్సిడీ, రైల్వే, జాతీయ రహదారి కేంద్రమునకు చెందినవి. వీనికి లోక్‌సభ సభ్యుడు. వారు ఆంధ్రప్రదేశ్ నుండి 25 మంది, తెలంగాణ నుండి 17 మంది. మురుగు కాలువ పూడిక రాష్ట్రపు పనియే యైనను, ఆ నీరు రైలుకట్ట క్రింది తూము ఇరుకగుటచేత నిలిచినచో అది కేంద్రపు పని యగును. ఈ భేదము నెరుగక ఒకరికి వ్రాయవలసినది మరియొకరికి వ్రాసి, జవాబు రాలేదని నిందించువారు పెక్కుమంది. మీ నియోజకవర్గము పేరు ఓటరు గుర్తింపు కార్డుమీదనే యుండును. సభ్యుల చిరునామాలు ఆయా సభల వెబ్‌సైట్లలో దొరకును. చదువుకొన్న కుర్రవాని నడిగిన క్షణములో తీసి యిచ్చును.

ఇక సభ్యుడు మనకేమి చేయగలడు? ఆయన ఇంజనీరు కాడు, తహసీల్దారు కాడు. పాసుపుస్తకములో తప్పు దిద్దుమని ఆయనను వేడుకొనుటకంటె తహసీల్దారు కచేరీలో అర్జీ పెట్టుటయే దగ్గర దారి. కాని ఆ అధికారులపైనున్న మంత్రిని సభలో నిలదీసి యడుగు హక్కు ఆయనకు కలదు, మనకు లేదు. ప్రశ్న సభకు చేరినతోడనే మంత్రి కార్యాలయమునుండి జిల్లా ఇంజనీరు వరకు ఆ కాలువ ఫైలు వెదకవలసి వచ్చును. ఏండ్ల తరబడి కట్టవిప్పని ఫైలు ఆనాడు విప్పుదురు. చెప్పిన జవాబు సభా రికార్డులో అచ్చుపడి యుండును గనుక మరుసటి యేట దానినే చూపి మరల అడుగవచ్చును.

కావున మన ఉత్తరము ప్రశ్నగా మార్చుటకు వీలైనదిగా నుండవలెను. "మా కాలువ బాగుచేయించి మమ్ము రక్షింపవలెను" అను వాక్యముతో ఏ సభ్యుడును ఏమియు అడుగజాలడు. కాలువ పేరు, గ్రామము, మండలము; ఏ వంతెన మొదలు ఏ లాకు వరకు పూడినది; ఏ తేదీన నీరు నిలిచి ఏ తేదీన తీసినది; ఎన్ని ఎకరములు, ఏ దశలో పైరు, పొట్టదశయా, ఈనినదా, పనలమీద నున్నదా; ఇంతకుముందు ఏ కచేరీలో ఏ దినమున అర్జీ యిచ్చితిమి; పూడికతీతకు అంచనా తయారైనదా, మంజూరైనదా: ఇంతమాత్రము ఒక పుటలో వ్రాసిన చాలును. ఒక ఉత్తరమున ఒకే సంగతి. కరెంటు, రోడ్డు, బడి అన్నియు నొక్కదానిలో గుదిగుచ్చినచో ఏదియు తేలదు. తెలుగున వ్రాయుటకు సంకోచము వలదు. పార్టీల ప్రసంగము మాత్రము వలదు.

వేళను గూర్చి రైతులు మిక్కిలి యేమరుచున్నారు. మురుగు కాలువలో పూడిక తీయుట వేసవిలో కాలువలు కట్టివేసిన పిమ్మటనే సాధ్యము. దానికి సొమ్ము అంతకుముందే మంజూరు కావలెను. వైశాఖమున వ్రాసినవానికి ఆ యేడు పని జరుగదు. నష్టము కన్నులయెదుట నున్న కార్తికమునందే వివరములు వ్రాసి పంపి, ఫిబ్రవరి మార్చిలలో బడ్జెటు సమావేశములకు ముందు మరల జ్ఞాపకము చేయవలెను. లోక్‌సభలో ప్రశ్నకు 15 దినములు ముందుగా నోటీసు ఈయవలెను. నోటి జవాబునకు దినమునకు 20 ప్రశ్నలే తీసికొందురు, అవియు చీట్లు తీసి ఎన్నినవి. కావున సమావేశములు మొదలైన పిదప వ్రాసిన ఉత్తరము తరచుగా వృథా యగును.

లోక్‌సభలో అర్జీల కమిటీ యొకటి కలదు. సభకే అర్జీ పెట్టుకొనవచ్చును. సంతకము చేయు ప్రతివాని పూర్తి పేరును చిరునామాయు ఉండవలెను. వ్రాయనేరనివారు వేలిముద్ర వేయవచ్చును. కోర్టులో నున్న వ్యవహారముగాని, రాష్ట్ర శాసనసభకు చెందిన సంగతిగాని అక్కడ అంగీకరింపరు. పార్లమెంటు సభ్యుని పేర ఏటికి 5 కోట్ల రూపాయల స్థానికాభివృద్ధి నిధియు కలదు. ఆయన సిఫారసు చేయును, జిల్లా అధికారులు పని చేయింతురు. అది ప్రజోపయోగమైన నిర్మాణములకే గాని ఒకరి సొంత పొలమునకు గట్టు వేయించుటకు గాదు.

ఒక్కని ఉత్తరముకంటె సహకార సంఘపు తీర్మానము బరువైనది. ఆయకట్టు రైతులందరి సంతకములతో దానిని జతచేసి, నకలు సంఘములో నుంచుకొని, స్వయముగా నిచ్చినచో నకలుమీద తేదీతో ముట్టినట్లు సంతకము, తపాలలో పంపినచో రసీదు తీసికొనవలెను. నెలదినములలో జవాబు రానిచో ఆ తేదీని ఉదహరించుచు రెండవ ఉత్తరము వ్రాయవలెను.