5:10 దగ్గర ఆగిపోయే పరుగు

మహారాష్ట్రలోని భివండీలో తెల్లవారుజామున రెండు చప్పుళ్లు వినిపిస్తాయి. ఒకటి సాంచాలది, అంటే మరమగ్గాలది, అది రాత్రంతా ఉండేదే. రెండోది వరాలదేవి చెరువు పక్క రోడ్డు మీద బూట్లది. పద్మనగర్, కామత్‌ఘర్ కుర్రాళ్లు సెల్‌ఫోన్‌లో టైము పెట్టుకుని పరుగెడుతుంటారు. తాతల నాడు నల్గొండ, కరీంనగర్ నుంచి వలస వచ్చిన పద్మశాలీల పిల్లలూ వాళ్లలో ఉంటారు. రాత్రి షిఫ్టు దిగి నేరుగా వచ్చినవాడి జుట్టుకు దూది పోగులు ఇంకా అంటుకునే ఉంటాయి. వాళ్ల గురి ఒలింపిక్స్ మీద లేదు, పోలీసు భర్తీ మీద ఉంది. 1600 మీటర్లు 5 నిమిషాల 10 సెకన్లలో ముగిస్తే పూర్తిగా 20 మార్కులు. సైన్యంలో అగ్నివీర్ భర్తీకైతే 1.6 కిలోమీటర్లు 5:30 లోపు పూర్తిచేస్తే 60 మార్కులు.

మన దేశంలో దూరపు పరుగుకు ఇంతకంటే పెద్ద జల్లెడ లేదు. కానీ చిత్రం చూడండి: 5:09లో వచ్చినవాడికీ 20 మార్కులే, 4:30లో వచ్చినవాడికీ 20 మార్కులే. ఆ రెండో కుర్రాడు ఎవరో భర్తీ కాగితంలో ఎక్కడా కనిపించదు.

ఆ కుర్రాణ్ని ఎవరైనా గుర్తిస్తే ఆ తర్వాత మెట్లున్నాయి. ఖేలో ఇండియా పథకానికి ఎంపికైన క్రీడాకారుడి మీద ఏడాదికి 6.28 లక్షలు ఖర్చు పెడతారు, అందులో నెలకు 10 వేలు చేతి ఖర్చుకు. 2014లో మొదలైన టాప్స్ (టార్గెట్ ఒలింపిక్ పోడియం) పథకంలో ముఖ్య బృందానికి నెలకు 50 వేలు, దానికి తోడు విదేశీ శిక్షణ ఖర్చు. డబ్బు కొద్దిమందికే సరిపోతుంది కాబట్టి అసలు చిక్కంతా ఆ కొద్దిమందిని పట్టుకోవడంలోనే ఉంది. దేన్ని చూసి పట్టుకోవాలి?

శాస్త్రం మూడు కొలతలు చూపిస్తుంది. శరీరం నిమిషానికి గరిష్ఠంగా ఎంత ఆక్సిజన్ వాడుకోగలదు అన్నది మొదటిది, ఇంజిన్ సైజు లాంటిదనుకోండి. ఆ ఇంజిన్‌ను కండరాలు మొరాయించకుండా ఎంత శాతం వరకు నడపవచ్చు అన్నది రెండోది, దీన్నే లాక్టేట్ హద్దు అంటారు. మూడోది అచ్చంగా మైలేజీ: ఒక కిలోమీటరుకు ఎంత ఆక్సిజన్ ఖర్చవుతుంది? ఈ మూడూ ఒకే మనిషిలో అత్యుత్తమంగా కలిస్తే మారథాన్ 1 గంట 57 నిమిషాల 58 సెకన్లలో సాధ్యమని అమెరికా శాస్త్రవేత్త మైకేల్ జాయ్నర్ 1991లో లెక్క కట్టారు. అప్పట్లో అది నమ్మశక్యం కాని అంకె.

ఆ లెక్కను నైకీ సంస్థ నిజంగానే పరీక్షకు పెట్టింది. రెండు గంటల మారథాన్ ప్రయత్నానికి మనుషుల్ని ఎంచుకోవడానికి ప్రపంచస్థాయి పరుగువీరులను ల్యాబులో ట్రెడ్‌మిల్ ఎక్కించారు. ఆ వేగంతో పరుగెత్తాలంటే 59 కిలోల మనిషికి నిమిషానికి దాదాపు 4 లీటర్ల ఆక్సిజన్ కావాలని తేలింది. కెన్యా వీరుడు ఎలియుడ్ కిప్చోగేకు ట్రెడ్‌మిల్ అలవాటే లేదు, అతని అంకెలు అందరికంటే గొప్పగా ఏమీ రాలేదు. అంకెలే చూసి ఉంటే అతను ఇంటికి వెళ్లిపోయేవాడు. కానీ అప్పటికే అతను పరుగెత్తిన 8 మారథాన్లలో 7 గెలిచాడు. ఎంపిక చేసినవాళ్లు యంత్రం మాట పక్కన పెట్టి ఆ చరిత్రకే విలువిచ్చారు. 2017 మే 6న ఇటలీలోని మోంజాలో ముగ్గురు బయల్దేరితే ఆ వేగాన్ని దాదాపు చివరిదాకా నిలబెట్టుకున్నది అతనొక్కడే: 2:00:25. ఆ ముగ్గురిలో ఒకడు, మైలేజీ కొలతలో ఏనాడో పేరు మోసిన జెర్సెనాయ్ తదెసె 2:06:51కి వచ్చాడు.

ఇక్కడే పరిశోధకులు ఇటీవల నాలుగో కొలత ఒకటి కలిపారు. మొదటి మూడూ తాజాగా ఉన్నప్పుడు కొలిచేవి. రెండు గంటలు పరుగెత్తాక అవి ఎంత పడిపోతాయి? పడిపోకుండా నిలబెట్టుకునే గుణమే ఆ నాలుగోది. నేతపని తెలిసినవాడికి ఇందులో వింతేమీ లేదు. నూలు మెరుపు కండె మీద కనిపిస్తుంది, బలం మాత్రం సాంచా మీద తెగినప్పుడే తెలుస్తుంది.

ఒక్కరోజు కొలత కంటే ఏళ్ల చరిత్రే మనిషిని పట్టిస్తుందనడానికి మహారాష్ట్రలోనే పక్కా సాక్ష్యం ఉంది. బీడ్ జిల్లా మాండ్వా గ్రామంలో పేద రైతు కుటుంబంలో పుట్టిన అవినాశ్ సాబ్లే సంగతి చూడండి. ఇంటర్ తర్వాత సైన్యంలో మహార్ రెజిమెంటులో చేరి సియాచిన్ మంచులో, రాజస్థాన్ ఎడారిలో ఉద్యోగం చేశాడు. 2015లో, 21 ఏళ్ల వయసులో సైన్యం క్రాస్ కంట్రీ పోటీల్లోకి దిగాడు. 2017లో సైన్యం కోచ్ అమ్రీశ్ కుమార్ అతన్ని 3000 మీటర్ల స్టీపుల్‌చేజ్‌కు మార్చారు. నా దృష్టిలో మనిషిని ఎంచుకోవడం ఎంత ముఖ్యమో ఆటను ఎంచుకోవడం అంత ముఖ్యం. 28 అడ్డంకులు, 7 నీటి గుంటలు దాటే ఈ పరుగులో దమ్ముతో పాటు మొండితనానికీ నేర్పుకీ చోటుంది. సతారా జిల్లా లలితా బాబర్ కూడా ముంబై మారథాన్లలో భారత మహిళల విభాగం గెలిచాక ఇటే మళ్లి, 2016 రియో ఒలింపిక్స్ ఫైనల్‌లో పదో స్థానంలో నిలిచింది. ఇక సాబ్లే 2018లో 37 ఏళ్ల నాటి జాతీయ రికార్డును 8:29.80తో చెరిపేశాడు, 2024లో 8:09.91కి దిగాడు. ఆరేళ్లలో 20 సెకన్లు! ఎంపిక చేసేవాళ్లు వెతకాల్సింది ఈ తగ్గుదలను, ఏదో ఒక్కరోజు వచ్చిన టైమును కాదు.

పదహారేళ్లలోపు పోటీలు మోసం చేసేది కూడా ఇక్కడే. ఒకే వయసు పిల్లల్లో ఒకడికి మీసం వచ్చేసి ఉంటుంది, ఇంకొకడి ఎముకలు ఇంకా పెరుగుతూనే ఉంటాయి. మొదటివాడు పతకం కొడతాడు, రెండోవాడు మానేస్తాడు. అసలు వయసు తేల్చడానికి మణికట్టు ఎక్స్‌రే తీస్తారు, అది మోసాన్ని కొంత పట్టిస్తుందేమోగానీ రెండోవాణ్ని వెనక్కి తీసుకురాదు.

ల్యాబు ఖరీదైనది, భివండీకి రాదు. ఒక్కో పిల్లాడి పుట్టిన తేదీ, వారంలో ఎన్ని కిలోమీటర్లు పరుగెత్తాడు, నెలకోసారి అదే దారిలో తీసిన టైము, కాలు నొప్పితో ఎన్నాళ్లు ఆగాడు, ఈ నాలుగూ రెండేళ్లు రాసి పెట్టిన నోటుబుక్కు కోచ్‌కు ఏ ట్రెడ్‌మిల్ చెప్పనిది చెబుతుంది. పీఈటీ మాస్టార్లూ, రేపు మైదానానికి వెళ్లేటప్పుడు స్టాప్‌వాచ్‌తో పాటు ఒక నోటుబుక్కు కూడా పట్టుకెళ్లండి. 5:10 కంటే ముందే వచ్చిన పిల్లాడి టైము కూడా సెకన్లతో సహా రాయండి.