పోస్టరు ఎవరికి వేయాలి: అమ్మాయికా, తండ్రికా?

పట్నంలో చదువుకుంటున్న పదహారేళ్ల పిల్ల గర్భవతి అయితే చదువు అక్కడితో ఆగిపోతుంది. ఒక్కోసారి ప్రాణం మీదికే వస్తుంది. ముందే చెప్పి ఉంటే ఇంతదాకా వచ్చేది కాదు కదా అని అందరూ అంటారు. ఎలా చెప్పాలన్న దగ్గరే చిక్కు వస్తోంది. భయపెట్టి చెప్పాలా, బుజ్జగించి చెప్పాలా? అసలు ఎవరికి చెప్పాలి? ఈ విషయంలో విదేశాల నగరాలు చాలా ప్రయత్నాలు చేశాయి. కొన్ని ఫలించాయి. కొన్ని ఎదురుతిరిగాయి.

ఏడ్చే బొమ్మ

ఆస్ట్రేలియాలోని పెర్త్ నగర పాఠశాలల్లో ఒక బొమ్మతో పాఠం చెప్పారు. అచ్చం పసిబిడ్డలా ఉండే ఆ బొమ్మ ఆకలేస్తే ఏడుస్తుంది, గుడ్డ తడిస్తే ఏడుస్తుంది, అర్ధరాత్రి లేపుతుంది. పాలు పట్టారా లేదా, ఎత్తుకున్నారా లేదా అన్నదంతా దాని కడుపులోని యంత్రం రాసుకుంటుంది. 13 నుంచి 15 ఏళ్ల బాలికలకు పాఠాలు చెప్పి, శని, ఆదివారాలకు ఈ బొమ్మను ఇంటికి పంపేవారు. రెండు రాత్రులు నిద్ర లేకపోతే బిడ్డను పెంచడం ఎంత కష్టమో పిల్లకే తెలిసివస్తుందన్నది పెద్దల ఆలోచన. వినడానికి బాగానే ఉంది. అందుకే ఈ బొమ్మలు చాలా దేశాలకు పాకాయి.

అయితే పెర్త్‌లోని పరిశోధకులు మన రైతు చేసే పనే చేశారు. ఒక మడిలో కొత్త ఎరువు వేసి, పక్క మడిలో వేయకుండా, దిగుబడి పోల్చి చూసినట్టు 57 పాఠశాలలను రెండు భాగాలు చేశారు. కొన్నింటిలో బొమ్మ ఇచ్చారు, మిగిలినవాటిలో ఇవ్వలేదు. ఈ పని 2003 నుంచి 2006 వరకు సాగింది. తర్వాత ఆ బాలికలకు 20 ఏళ్లు నిండేవరకు ఆసుపత్రి రికార్డులు చూశారు. ఫలితాన్ని 2016లో లాన్సెట్ వైద్య పత్రిక ప్రచురించింది.

బొమ్మ తీసుకోని బాలికల్లో నూటికి 11 మంది 20 ఏళ్లలోపు గర్భం దాల్చారు. బొమ్మ తీసుకున్నవారిలో 17 మంది! బిడ్డను కన్నవారు ఇక్కడ నాలుగు శాతం, అక్కడ ఎనిమిది శాతం. తగ్గించడానికి చేసిన పని తగ్గించకపోగా, లెక్క పెరిగింది. కారణం ఊహించడం కష్టమేమీ కాదు. బొమ్మను ఎత్తుకుని వీధిలోకి వెళ్లిన పిల్ల చుట్టూ నలుగురు చేరతారు, ముద్దు చేస్తారు. అంతకుముందు ఎవరూ పట్టించుకోని పిల్లకు అది కష్టంలా కాక ముచ్చటగా అనిపించి ఉండవచ్చు. పైగా ఆదివారం రాత్రితో ఆ పని అయిపోతుంది, సోమవారం బొమ్మను తిరిగి ఇచ్చేస్తుంది. నిజం బిడ్డను అలా తిరిగి ఇవ్వడం కుదరదు గదా.

నిందిస్తే ఏమయింది?

2013లో న్యూయార్క్ నగర పాలకులు మరో దారి తొక్కారు. రైళ్లలో, బస్సులు ఆగేచోట్ల పసిపిల్లల ఫొటోలతో పెద్ద పోస్టర్లు వేశారు. కన్నీళ్లు పెట్టుకుంటున్న పసివాడు, చిన్న వయసులో తనను కన్నందువల్ల తన చదువు దెబ్బతింటుందని తల్లిని నిలదీస్తాడు. మరో పోస్టరులో పాప, నాన్న నీతో ఉండడు, అప్పుడు నా గతేమిటి అని అడుగుతుంది. దీనిపై గొడవ రేగింది. ఆడపిల్లల ఆరోగ్య సేవలు అందించే ప్లాన్డ్ పేరెంట్‌హుడ్ సంస్థతో పాటు, చిన్నతనంలోనే తల్లులైనవారు కూడా అభ్యంతరం చెప్పారు. ఇప్పటికే కష్టంలో ఉన్న పిల్లను నడిబజారులో సిగ్గుపరచడం తప్ప ఇందులో దారి చూపే మాట ఏముందని వారు అడిగారు. ఇది సబబైన ప్రశ్నే.

అమెరికాలోనే మిల్వాకీ నగరం మరో విధంగా నడిచింది. బాలికల కాన్పులను 2015 నాటికి 46 శాతం తగ్గించాలని లక్ష్యం పెట్టుకుని, గడువుకు ముందే చేరుకుంది. ఆ సంవత్సరాల్లో అమెరికా అంతటా ఈ లెక్క తగ్గుతూ వచ్చిందన్న మాట కూడా మరువరాదు. వారి పోస్టర్లలో ఒకటి అందరినీ ఆపి చూపించింది. అందులో నెలలు నిండిన పొట్టతో నిలబడ్డది అమ్మాయి కాదు, అబ్బాయి. ఇలా చూస్తే వింతగా ఉంటే, అదే అమ్మాయి అయితే ఎందుకు వింతగా లేదన్నది దాని భావం. బాలికలను లోబరుచుకునే వయసు మీరిన మగవారిని ఉద్దేశించి కూడా ప్రచారం చేశారు. నేరం ఎవరిదో వారికే గురిపెట్టారన్న మాట.

ఇంగ్లండు కథ ఇంకా పొడుగు. 1999లో మొదలుపెట్టి పదేళ్లలో సగానికి తగ్గించాలనుకున్నారు, అది కాలేదు. కానీ పని ఆపలేదు. బడిలో పాఠం, పిల్లలు సంకోచం లేకుండా వెళ్లగల వైద్యశాల, తల్లి అయిన పిల్లకు మళ్లీ చదువు, ఈ మూడూ కలిపి నడిపారు. 1998లో 15 నుంచి 17 ఏళ్ల బాలికలు వెయ్యిమందికి 46 మందికి పైగా గర్భం దాల్చగా, 2014కు 23 మందికి వచ్చింది.

మన దగ్గర లెక్క వేరు

2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో 15 నుంచి 19 ఏళ్ల ఆడపిల్లల్లో నూటికి 12.6 మంది అప్పటికే తల్లులో, గర్భవతులో. దేశం మొత్తం మీద ఇది 6.8, తెలంగాణలో 5.8. ఇక్కడ ఈ వయసు గర్భాల్లో అత్యధికం పెళ్లయిన తర్వాతివే. అదే సర్వేలో 20 నుంచి 24 ఏళ్ల స్త్రీలలో 18 నిండకముందే పెళ్లయినవారు ఆంధ్రలో నూటికి 29 మందికి పైగా ఉన్నట్టు తేలింది.

కాబట్టి న్యూయార్క్ పోస్టరును తెచ్చి మన పట్నం బస్టాండులో అంటిస్తే ఏమవుతుంది? అమ్మాయి దాని ముందు ఆగనే ఆగదు, పక్కవాళ్లు చూస్తారని తల వంచుకుని వెళ్లిపోతుంది. ఆగి చదివేది పల్లె నుంచి కూతురిని హాస్టలులో దింపడానికి వచ్చిన తండ్రి. అతని గుండెల్లో రాయి పడుతుంది. ఏదైనా జరగకముందే పరువుగా ఒక ఇంటి దాన్ని చేసేద్దాం అనుకుంటాడు. ఇంటర్ మధ్యలో సంబంధం కుదురుతుంది. ఏడాది తిరక్కముందే అమ్మాయి కడుపుతో ఉంటుంది. వద్దనుకున్నదే జరిగింది, కాకపోతే ఈసారి మేళతాళాలతో! గర్భాన్ని ఆపాలని వేసిన పోస్టరు పెళ్లిని తొందరపెట్టి గర్భాన్నే తెచ్చిందన్న మాట.

1960ల చివరి నుంచి ఊరి గోడల మీద ఎర్ర త్రికోణం కనిపించేది. అది భార్యాభర్తలకు, అందులోనూ పిల్లలు ఉన్నవారికి చెప్పిన మాట. కొత్తగా పెళ్లయిన పదిహేడేళ్ల పిల్లకు, మొదటి కాన్పు వాయిదా వేయవచ్చు అని చెప్పిన గోడ అరుదు. ఆ మాట ఆమెకు చెప్పినా చాలదు, అత్తగారికీ మొగుడికీ చెప్పాలి.

తండ్రులకు చెప్పే మాట వేరుగా ఉండాలి. పరువు గురించి కాదు, ప్రాణం గురించి. ఇరవై దాటిన వారికంటే ఈ వయసు తల్లులకు గుర్రపువాతం, కాన్పు తర్వాత చీము పట్టడం వంటి ప్రమాదాలు ఎక్కువని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. బిడ్డ తక్కువ బరువుతో పుడుతుంది. 2006 నాటి చట్టం ప్రకారం 18 నిండని పిల్లకు పెళ్లి చేసినవారు, చేయించినవారు శిక్షార్హులు.

అమ్మాయికి చెప్పే మాట చిన్న అక్షరాల్లో, ఒంటరిగా చదువుకునే చోట ఉండాలి. కళాశాలలో బాలికల గది తలుపు వెనక అయితే మేలు. నెల తప్పితే ఎవరిని అడగాలి, ఏ రోజున ఏ ఆసుపత్రిలో ఆడ డాక్టరు ఉంటారు అన్నది అందులో రాయాలి. 18 లోపు పిల్ల గర్భవతి అని తెలిస్తే డాక్టరు పోలీసులకు తెలపాలని చట్టం ఉంది. ఈ భయంతోనే చాలామంది నాటువైద్యం పాలవుతారు. అయితే గర్భస్రావం కోసం వచ్చిన అటువంటి బాలిక, ఆమె సంరక్షకులు కోరితే ఆమె పేరు, వివరాలు పోలీసులకు వెల్లడించనక్కరలేదని 2022 సెప్టెంబరులో సుప్రీంకోర్టు చెప్పింది. ఈ సంగతి తలుపు వెనక కాగితంలో తప్పక ఉండవలసినది.

పదేళ్ల నుంచి పందొమ్మిదేళ్ల వారి కోసం 2014లో కేంద్రం మొదలుపెట్టిన కిశోర ఆరోగ్య కార్యక్రమంలో, ఈడు పిల్లల్లోంచే ఒకరికి శిక్షణ ఇచ్చి తోటివారికి చెప్పించే పద్ధతి ఉంది. పోస్టరు రాసేవారు ముందు ఆ పిల్లలను కూర్చోబెట్టి అడిగితే, ఏ మాట చదువుతారో, ఏ మాట చూసి నవ్వుకుంటారో వాళ్లే చెబుతారు.

ఊరిలో పెళ్లి మాట వినిపించి, పిల్లకు 18 నిండలేదని తెలిస్తే 1098కు ఫోన్ చేయవచ్చు. డబ్బు ఖర్చు కాదు, రాత్రి అయినా పలుకుతారు.