నెత్తిమీద నాట్లు

తిరుమలలో కల్యాణకట్ట నుంచి బయటికి వచ్చేవారి ముఖాలు ఎప్పుడైనా గమనించారా? అప్పుడే నున్నగా గీయించుకున్న తలమీద చందనం పూసుకొని, పిల్లాజెల్లాతో సహా నవ్వుకుంటూ వస్తారు. అదే మనిషికి ఇంటి దగ్గర దువ్వెన పళ్ళ మధ్య పది వెంట్రుకలు కనిపించాయంటే ఆ పూట అన్నం సయించదు. తాను ఇచ్చినదానికి సంతోషం, తనను అడక్కుండా పోయినదానికి దుఃఖం. జుట్టు విషయంలో మానవుడి వేదాంతమంతా ఇంతే.

కొండమీద చెప్పుకునే కథ కూడా ఈ దుఃఖాన్ని చిన్నచూపు చూడలేదు. స్వామి శిరస్సుకు దెబ్బ తగిలి కొంత మేర జుట్టు ఊడిపోయిందట. అది చూడలేక నీలాదేవి అనే గంధర్వ రాకుమారి తన కురులలో ఒక పాయ కోసి అక్కడ అతికించిందట. భక్తులు ఇచ్చే తలనీలాలు అందుకే ఆమెకు చెందుతాయంటారు. కథలో ఒకరి జుట్టు మరొకరికి అతికింది. ఈనాటి వైద్యుడు ఆ పని చెయ్యలేడు. పరాయి వెంట్రుకను ఒళ్ళు ఒప్పుకోదు. ఎవరి తల వెనక జుట్టు వారి తల ముందుకే తెచ్చుకోవాలి. చూడ్డానికి ఇది చిన్న తేడాయే గాని, బట్టతల వైద్యంలో ఉన్న చిక్కంతా ఇందులోనే ఉంది.

ఈ సంగతులన్నీ నేను తెలుసుకోవలసి రావడానికి కారణం మా చెల్లెలి కొడుకు. ఇరవైమూడేళ్ళవాడు. హైదరాబాదులో ఉద్యోగం. రెండేళ్ళుగా నుదుటికి ఇరువైపులా జుట్టు వెనక్కి జరుగుతోంది, నడినెత్తిన పల్చబడుతోంది. ఇంట్లో సంబంధాలు చూడడం మొదలుపెట్టారు. ఒకరోజు వాడు మా ఇంటికి వచ్చి నా తలకేసి తేరిపార చూసి, "ఇదంతా మీ పోలికే, మామయ్యా" అన్నాడు. నా తల సంగతి వేరే చెప్పనక్కరలేదు. నలభై దాటేసరికి మిగిలిన ఆస్తి చెవుల చుట్టూ ఉన్న ప్రహరీ గోడ మాత్రమే.

వాడు అప్పటికే ఒక ప్రకటన చూసి, ఎక్కడో మాట్లాడి వచ్చాడు. మూడువేల కుదుళ్ళు నాటుతారట, లక్షన్నర అవుతుందట, వాయిదాల మీద కూడా ఇవ్వచ్చట. "మాత్రలైతే జీవితాంతం మింగాలి. ఇదైతే ఒక్కసారితో పీడా వదిలిపోతుంది" అని వాడి వాదం. ఈ వాదం విన్నవారికి సబబుగానే తోస్తుంది. నాకూ తోచింది. అయినా అప్పు చేసేముందు చర్మవ్యాధుల వైద్యుణ్ణి ఒకణ్ణి కలుద్దామని వాణ్ణి వెంటబెట్టుకు వెళ్ళాను. ఆ డాక్టరుగారు ఓపిగ్గా చెప్పినవీ, తర్వాత నేను చదివి తెలుసుకున్నవీ కలిపి ఇక్కడ రాస్తున్నాను.

ముందుగా నిందితులను విడుదల చేద్దాం. మగవారికి వచ్చే ఈ రకం బట్టతలకు కారణం బోరునీళ్ళు కావు, హెల్మెట్టు కాదు, నూనె రాయకపోవడమూ కాదు. వృషణాలు తొలగించినవారికి బట్టతల రాదని గ్రీకు వైద్యుడు హిపోక్రటీసు కాలం నాటికే గమనించారు. 1942లో జేమ్స్ హామిల్టన్ అనే అమెరికను శరీరశాస్త్రజ్ఞుడు దానిని శాస్త్రీయంగా నిరూపించాడు. యౌవనానికి ముందే పురుష హార్మోను లేకుండా పోయినవారికి జుట్టు రాలదు. అటువంటివారికే ఆ హార్మోను ఎక్కిస్తే, వంశంలో బట్టతల ఉన్నవారికి రాలడం మొదలవుతుంది. అంటే దీనికి హార్మోనూ కావాలి, వంశమూ కావాలి. ఒకటి నిప్పు, ఒకటి కట్టె.

వంశం మాటకొస్తే మేనమామ పోలిక అనే మాటలో కొంత నిజం లేకపోలేదు. ముఖ్యమైన జన్యువు ఒకటి తల్లి ఇచ్చే ఎక్స్ క్రోమోజోము మీద ఉంది. కాని అదొక్కటే కాదు, ఇంకా అనేక జన్యువులున్నాయి, అవి తండ్రివైపు నుంచీ వస్తాయి. డాక్టరుగారు ఈ మాట చెప్పినప్పుడు మా బావగారి తల గుర్తుకొచ్చి నాకు కొంచెం ఊరట కలిగింది.

హార్మోను చేసే పని ఇది. టెస్టోస్టిరాన్‌ను మన ఒంట్లోని ఒక ఎంజైము డైహైడ్రోటెస్టోస్టిరాన్ అనే మరింత చురుకైన పదార్థంగా మారుస్తుంది. నుదుటి మీదా నడినెత్తినా ఉన్న కుదుళ్ళకు ఇది పడదు. వెంట్రుక ఒక్కసారిగా ఊడిపోదు. మొలిచిన ప్రతిసారీ మునుపటికంటె సన్నంగా, పొట్టిగా మొలుస్తుంది. చివరికి నూగులా మిగులుతుంది. తల వెనకా, చెవుల పైనా ఉన్న కుదుళ్ళకు మాత్రం ఈ పదార్థం వల్ల పెద్దగా బాధ లేదు. అందుకే ఎంత బట్టతలవాడికైనా ఆ ప్రహరీ గోడ మిగులుతుంది.

ఇప్పుడు మందుల సంగతి. గట్టిగా పనిచేస్తాయని ఋజువైనవాటిలో ముఖ్యమైనవి రెండే. విచిత్రమేమంటే ఆ రెండూ జుట్టు కోసం పుట్టినవి కావు, పిలవని పేరంటంగా వచ్చినవే. మినాక్సిడిల్ రక్తపోటు మాత్ర. దానిని మింగినవారికి ఒంటినిండా రోమాలు మొలవసాగాయి. అది చూసి తలకు రాసుకునే ద్రావకం చేశారు. 1988లో అమెరికాలో దానికి అనుమతి వచ్చింది. అది హార్మోను జోలికి పోదు, వెంట్రుక పెరిగే కాలాన్ని పొడిగిస్తుంది.

రెండవది ఫినాస్టిరైడ్. కరీబియన్ సముద్రతీరాన డొమినికన్ రిపబ్లిక్‌లోని కొన్ని కుటుంబాలలో, ఇందాక చెప్పిన ఎంజైము పుట్టుకతోనే లోపించిన మగవారున్నారు. 1974లో ఆ సంగతి శాస్త్రలోకానికి తెలిసింది. వారికి పెద్దతనంలో ప్రొస్టేట్ గ్రంథి పెరగదు, బట్టతలా రాదు. ఆ ఎంజైమును అణిచే మందు కనిపెడితే బాగుండునని తోచి చేసినదే ఈ మాత్ర. 1992లో ప్రొస్టేట్ వాపుకు 5 మిల్లీగ్రాములదీ, 1997లో జుట్టుకు 1 మిల్లీగ్రాముదీ అమెరికాలో అనుమతి పొందాయి. రెండేళ్ళ పరీక్షలో ఈ మాత్ర వేసుకున్నవారిలో నూటికి 83 మందికి జుట్టు లెక్క తగ్గలేదు. ఉత్తుత్తి మాత్ర వేసుకున్నవారిలో అలా నిలిచినవారు నూటికి 28 మందే.

మంచి చెప్పినప్పుడు చెడూ చెప్పాలి. ఆ పరీక్షల్లో నూటికి నలుగురు లోపు మగవారికి కోరిక తగ్గడం వంటి లైంగిక ఇబ్బందులు వచ్చాయి. ఉత్తుత్తి మాత్రవారిలో అవి నూటికి ఇద్దరికి వచ్చాయి. చాలామందికి మందు మానితే సర్దుకుంటాయి. కాని మానిన తర్వాత కూడా కొందరిలో కొనసాగినట్లు వచ్చిన ఫిర్యాదులను అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 2012లో మందు కాగితంలో చేర్పించింది. ఆత్మహత్య తలపులు కూడా దీని దుష్ఫలితాలలో ఒకటని 2025లో ఐరోపా ఔషధ సంస్థ ధ్రువపరచింది. కాబట్టి మనసు కుంగే స్వభావం ఉన్నవారు ఆ సంగతి వైద్యుడి దగ్గర దాచకూడదు. విరిగిన మాత్రను గర్భవతులు ముట్టుకోరాదు. పెద్దవయసువారికి ప్రొస్టేట్ రక్తపరీక్షలో అంకె ఈ మందువల్ల సగానికి పడిపోతుంది, ఆ మాట పరీక్ష చేసేవారికి చెప్పాలి. పక్కింటాయన వాడుతున్నాడని మందుల షాపులో కొని మింగే సరుకు కాదిది.

ఇక నాట్ల విషయం. 1939లోనే జపానులో ఒకుదా అనే వైద్యుడు చిన్నచిన్న చర్మపు ముక్కలతో వెంట్రుకలు నాటినట్లు రాశాడు. బట్టతలకు దీనిని వాడినవాడు న్యూయార్కులో నార్మన్ ఓరెన్‌ట్రీక్. 1952లో మొదలుపెట్టి 1959లో ప్రచురించాడు. ఆయన తేల్చినది ఒక్కటే: వెంట్రుకకు నాటిన చోటి గుణం రాదు, పుట్టినచోటి గుణమే ఉంటుంది. ఆడపిల్ల అత్తవారింటికి వెళ్ళినా పుట్టింటి అలవాట్లు మానదన్నట్లు, తల వెనకనుంచి తెచ్చిన కుదురు నుదుటిమీద కూడా రాలకుండా బతుకుతుంది. ఈరోజుల్లో వెనకనుంచి సన్నని చర్మపు పట్టీ కోసి విడదీసి నాటుతారు, లేదా ఒక్కొక్క కుదురునే పెకలించి నాటుతారు. నాటిన వెంట్రుకలు మొదటి నెలలో చాలావరకు రాలిపోతాయి. కంగారుపడనక్కరలేదు. మూడు నాలుగు నెలలకు మళ్ళీ మొలకెత్తి, ఏడాది నాటికి పైరు నిలబడుతుంది.

వరినాట్లు చూసినవారికి ఇదంతా తెలిసినట్లే ఉంటుంది. కాని ఒక తేడా ఉంది. రైతు వచ్చే ఏడు మళ్ళీ నారు పోసుకుంటాడు. ఈ నారుమడిలో తీసిన కుదురు చోట మరొకటి మొలవదు. తల మొత్తంమీద సుమారు లక్ష వెంట్రుకలుంటే, వెనక వెలితి కనిపించకుండా జీవితకాలంలో తీయగలిగినవి రమారమి 4,000 నుంచి 6,000 కుదుళ్ళు. ఒక్కో కుదురుకు ఒకటి నుంచి నాలుగు వెంట్రుకలు. అందుచేత నాట్లవల్ల తలమీద జుట్టు పెరగదు. ఉన్నదే చోటు మారుతుంది. తాత ఇచ్చిన ఎకరంలోనే ఇటు గట్టు అటు వేసుకోవడం వంటిది.

డాక్టరుగారు మా వాడికి ఒక బొమ్మల కాగితం చూపించారు. 1975లో నార్వుడ్ సవరించిన పట్టిక అది. బట్టతలను ఏడు మెట్లుగా విభజించారు. "నువ్విప్పుడు మూడో మెట్టు మీద ఉన్నావు. ఎక్కడ ఆగుతావో ఇంకా తెలియదు. ఈరోజు మూడువేల కుదుళ్ళు నుదుటిమీద నాటించుకుంటావు, అవి ఉంటాయి. వాటి వెనక ఉన్న నీ సొంత జుట్టు మాత్రం తన దారిన తాను రాలుతూనే ఉంటుంది. నలభయ్యో ఏట ముందు ఒక వరస జుట్టు, దాని వెనక ఖాళీ మైదానం. అప్పుడు కప్పుకోవడానికి నారుమడిలో ఏం మిగులుతుంది? పైగా ఆ రాలుడు ఆపడానికి ఈ మాత్రలే మళ్ళీ వేసుకోవాలి" అన్నారు.

ఒక్కసారితో పీడా వదిలిపోతుందన్న వాదం అక్కడితో కూలిపోయింది. ఇంతసేపూ మేము మందా, శస్త్రచికిత్సా అని తూకం వేస్తున్నాం. అసలు ఆ రెండూ ఒకే తక్కెడలో వేసే వస్తువులు కావు. మందు ఉన్నదాన్ని కాపాడుతుంది. నాటడం పోయిన చోటును కప్పుతుంది. గట్టు తెగిన చేలో నాట్లు వేసి ప్రయోజనం లేదు. ముందు గట్టు పొయ్యాలి. ఏడాది మందు వాడి, రాలుడు నిలిచిందని చూసుకొని, అప్పటికీ ఖాళీ కనిపిస్తే నాట్ల గురించి ఆలోచించడం క్రమం. మందు మానితే సంపాదించిన జుట్టు కొన్ని నెలల్లో పోతుందన్నదీ నిజమే. కాబట్టి వేసుకోవలసిన ప్రశ్న 'ఏది మేలు?' అని కాదు, 'ఏళ్ళ తరబడి ఏది సాగించగలను?' అని.

ఎక్కడ చేయించుకోవాలన్నదీ తేలిక ప్రశ్న కాదు. మత్తు మందు మోతాదు మించినా, పుండు చీము పట్టినా ప్రమాదమే. 2016లో చెన్నైలో వైద్యవిద్య చదువుతున్న యువకుడొకడు ఈ చికిత్స తర్వాత ప్రాణాలు పోగొట్టుకున్నాడు. 2022లో జాతీయ వైద్య కమిషను మార్గదర్శకాలు జారీచేస్తూ, ఈ పని తగిన శిక్షణ పొందిన వైద్యులే చెయ్యాలనీ, వీడియోలు చూసి నేర్చుకుంటే శిక్షణ కాదనీ స్పష్టం చేసింది. కత్తి పట్టేది ఎవరు, ఆయన చదువేమిటి, మధ్యలో గుండె తడబడితే చూసే ఏర్పాటేమిటి అని అడగడానికి మొహమాటపడేవారు ఆ బల్లమీద పడుకోకూడదు.

ఏనుగు లక్ష్మణకవి తెలుగు చేసిన భర్తృహరి సుభాషితాలలో ఒక ఖల్వాటుడున్నాడు. నడినెత్తిన ఎండ మాడ్చేస్తుంటే తాటిచెట్టు నీడకు పరుగెత్తాడు. పండు రాలి తల పగిలింది. దురదృష్టవంతుడు ఎక్కడికి పోయినా ఆపద వెంట వస్తుందని కవి తాత్పర్యం. ఏటేటా ఈ పద్యం చెబుతున్నా, ఆ ప్రకటనలు చదివాకనే నాకు మరో అర్థం తోచింది. ఎండ నిజమే, నీడ అవసరమూ నిజమే. నిలబడేముందు ఒకసారి పైకి చూసుకోవాలి.

మా వాడు మందు మొదలుపెట్టాడు. మొదటి రెండు నెలలూ రాలడం ఎక్కువై నాకు రోజూ ఫోను చేశాడు. పాత వెంట్రుకలు వదిలి కొత్తవి రావడంలో అలా జరుగుతుందని డాక్టరుగారు ముందే చెప్పి ఉన్నారు గనుక సరిపోయింది. మూడు నెలలకొకసారి ఒకే దీపం కింద ఫోటో తీసుకోమన్నారు. ఏడాది ఫోటోలు పక్కపక్కన పెడితే నడినెత్తి నిండింది, నుదుటి మూలలు మాత్రం ఉన్నచోటనే ఉన్నాయి. నాట్ల మాట ముప్ఫయ్యో ఏట చూసుకుంటానన్నాడు. ఈలోగా కుదిరిన సంబంధంలో అమ్మాయితో మందు సంగతి, దాని మంచిచెడ్డలు తానే చెప్పాడట. "నీకు ఇష్టమైతే వాడు, నాకోసమైతే వద్దు" అందట ఆ పిల్ల.

ఏమీ చెయ్యకుండా తలను దాని దారిన వదిలెయ్యడం మూడో మార్గం. దీనికి ఖర్చు లేదు, దుష్ఫలితం లేదు, నేను ఎంచుకున్నది అదే. అందరినీ అదే చెయ్యమనను. ఇరవైమూడేళ్ళవాడి బాధ నలభై ఆరేళ్ళవాడికి వేళాకోళం కాకూడదు. సంబంధాలు చూసే పెద్దలకు మాత్రం ఒక్క మాట. పిల్లవాడి గుణం, చదువు, సంపాదన, ఆరోగ్యం విచారించండి. వెంట్రుకలు లెక్కపెట్టకండి. మీరు లెక్కపెట్టినందువల్లనే కుర్రవాళ్ళు అప్పు చేసి, పాతికేళ్ళకే తమ నారుమడి ఖాళీ చేసుకుంటున్నారు.