పుస్తకం అంచున మన మాట: ఇంగ్లిష్ క్లాసులో అనొటేషన్ హోంవర్క్ ఎందుకు, ఎలా?

దసరా సెలవులకు హాస్టల్ నుంచి ఇంటికొచ్చిన మా అన్న కూతురు ఇంగ్లిష్ పుస్తకం తెచ్చి నా ముందు పెట్టింది. పన్నెండో తరగతి, సీబీఎస్ఈ సిలబస్. "అత్తా, ఈ పాఠం చదివి అనొటేట్ చేసుకు రమ్మన్నారు. మీనింగులు రాయడమేగా?" అని అడిగింది. తెరిచి చూస్తే అప్పటికే మూడు పేజీల్లో ప్రతి వరుస మీదా పెన్సిల్‌తో తెలుగు అర్థాలు రాసి ఉన్నాయి. పేజీ అంచులు మాత్రం తెల్లగానే ఉన్నాయి.

నేనూ అలాగే చదువుకున్నాను. మా వాడలో ఇంగ్లిష్ చెప్పేవాళ్లు లేరు. పదానికి అర్థం దొరికితే పాఠం వచ్చేసినట్టే అనుకునేవాళ్లం. జవాబులు ఎలాగూ గైడ్‌లో ఉండేవి. యూనివర్సిటీకి వచ్చాక తోటి విద్యార్థుల పుస్తకాలు చూశాను. ఇంట్లో ముందు తరాలు చదువుకున్న పిల్లలు అంచుల నిండా రాసుకునేవారు. "ఇది నిజమా?", "ఈ మాట ఎవరి తరఫున అంటున్నాడు?" అని రచయితతో పోట్లాడేవారు. పుస్తకంతో అలా మాట్లాడవచ్చని నాకు అప్పటిదాకా ఎవరూ చెప్పలేదు. మొదటి తరం చదువరులకు తెలివి తక్కువై కాదు, ఇలాంటి చిన్న చిన్న పనులు ఎవరూ చేసి చూపించకే చాలాసార్లు వెనకబడతారు. అందుకే ఈ వ్యాసం.

అనొటేషన్ అంటే ఏమిటి?

చదువుతూ చదువుతూ పేజీ మీదే గుర్తులు పెట్టుకోవడం, అంచుల్లో మన ప్రశ్న, మన అనుమానం, మనకు గుర్తొచ్చిన సంగతి రాసుకోవడం. అంతే. తెలుగు క్లాసులో మనకు ప్రతిపదార్థం, తాత్పర్యం అలవాటే. ఒకటి మాట మాటకీ అర్థం చెబుతుంది, ఇంకొకటి మొత్తం సారం చెబుతుంది. రెండూ రచయిత ఏమన్నారో చెప్పేవే. చదివే మనిషి ఏమంటుందో చెప్పేది అనొటేషన్.

దీన్ని మనకు నేర్పడానికి బాబాసాహెబ్ కంటే మంచి మాస్టారు దొరకరు. ఆయన పుస్తకాల్లో కొన్ని ముంబైలోని సిద్ధార్థ కాలేజీలో భద్రంగా ఉన్నాయి. 1913 నుంచి 1916 దాకా కొలంబియాలో చదివినప్పుడు ఆయనకు పాఠం చెప్పిన జాన్ డ్యూయీ రాసిన పుస్తకాలు కూడా వాటిలో ఉన్నాయి. వాటిలో ఎర్ర, నీలి పెన్సిళ్లతో అంబేద్కర్ గీసుకున్న గీతలను పరిశోధకులు ఇప్పటికీ పరిశీలిస్తున్నారు. ఏ వాక్యం దగ్గర ఆగారు, దేన్ని తీసుకున్నారు, దేన్ని వదిలేశారు అన్నది ఆ గీతల్లో కనిపిస్తుంది. చిన్నప్పుడు బడిలో గోనెపట్టా మీద విడిగా కూర్చుని, ప్యూన్ వచ్చి కుళాయి తిప్పితే తప్ప నీళ్లు తాగలేకపోయిన పిల్లవాడు, పెద్దయ్యాక పుస్తకాన్ని తనదిగా చేసుకున్న తీరు అది.

మూడుసార్లు చదవండి

నేను మా అమ్మాయికి చెప్పిన పద్ధతి ఇది. ఎవరైనా వాడుకోవచ్చు.

మొదటిసారి డిక్షనరీ ముట్టుకోకుండా చివరిదాకా చదవాలి. ఒక్కో పేరా పక్కన అక్కడ ఏం జరిగిందో నాలుగు మాటల్లో రాయాలి. తెలుగులో రాసినా ఫర్వాలేదు. అంచుకు భాష లేదు.

రెండోసారి అర్థం కాని మాటల చుట్టూ సున్నా చుట్టాలి. అన్నిటికీ కాదు, ఏ మాట తెలియక కథ ఆగిపోతుందో దానికి మాత్రమే. పది మాటలు చుడితే అయిదింటి అర్థం పక్క వాక్యమే చెప్పేస్తుంది. మిగిలిన అయిదే డిక్షనరీలో చూడాలి.

మూడోసారి పోట్లాడటానికి చదవాలి. నమ్మకం కుదరని చోట ప్రశ్న గుర్తు, ముందు చెప్పిన సంగతి మళ్లీ వచ్చిన చోట బాణం, మనసు తగిలిన చోట చుక్క. గుర్తు పెట్టిన ప్రతిచోటా ఎందుకు పెట్టామో ఒక్క ముక్క రాయాలి. కారణం రాయని గీత వారం తర్వాత మనకే అర్థం కాదు. పేజీ మొత్తం రంగు పెన్నుతో పూసేస్తే ఏదీ గుర్తు పెట్టనట్టే.

పుస్తకం లైబ్రరీదైనా, వచ్చే ఏడాది తమ్ముడికి ఇవ్వాల్సిందైనా దాని మీద రాయకండి. పాత నోట్‌బుక్ కాగితాన్ని సన్నటి చీటీలుగా చింపి, పేజీ నంబర్ వేసి, లోపల పెట్టుకోండి. పని అదే.

బామ పాఠంతో చేసి చూద్దాం

మా అమ్మాయికి ఇచ్చిన పాఠం ఎన్‌సీఈఆర్‌టీ "విస్టాస్" పుస్తకంలోని "మెమరీస్ ఆఫ్ చైల్డ్‌హుడ్". అందులో రెండు జ్ఞాపకాలున్నాయి. ఒకటి అమెరికా ఆదివాసీ రచయిత్రి జిట్కలా-షాది. రెండోది తమిళ దళిత రచయిత్రి బామది. బామ "కరుక్కు" 1992లో తమిళంలో వచ్చింది. లక్ష్మీ హోమ్‌స్ట్రామ్ దాన్ని ఇంగ్లిష్‌లోకి తెచ్చారు. కరుక్కు అంటే రెండు వైపులా రంపపు పళ్లుండే తాటిమట్ట.

పాఠంలో బామ మూడో తరగతి పిల్ల. బడి నుంచి ఇంటికి పది నిమిషాల నడక. ఆమెకు అరగంట, ఒక్కోసారి గంట పడుతుంది. కోతినాడించేవాడు, పామునాడించేవాడు, రోజుల తరబడి సైకిల్ దిగకుండా తొక్కేవాడు, గుడి, అంగళ్లు, కాఫీ చల్లార్చే తీరు, అన్నీ ఆగి చూస్తుంది. చాలామంది పిల్లలు ఈ పేరాలోనే డిక్షనరీతో కూలబడిపోతారు. ఇక్కడ రాసుకోవాల్సిన ప్రశ్న ఒకటే: ఇంత పొడుగు జాబితా ఎందుకు?

జవాబు తర్వాతి పేరాలో ఉంది. తమ వీధి దగ్గర కళ్లం. భూస్వామి రాతి అరుగు మీద గోనెపట్టా పరుచుకుని కూర్చున్నాడు. మనవాళ్లు ఎడ్లతో నూర్పిడి చేస్తున్నారు. గడ్డి తినకుండా ఎడ్ల మూతులకు చిక్కాలు కట్టి ఉన్నాయి. అప్పుడు తమ వీధి పెద్దాయన ఒకాయన చిన్న పొట్లాన్ని తాడు పట్టుకుని, తనకు తగలకుండా వేలాడేసుకుంటూ వస్తాడు. పొట్లంలో తినుబండారాలు. వంగి భూస్వామికి అందిస్తాడు, ఆయన విప్పి తింటాడు. బామకు నవ్వు ఆగదు. అప్పటిదాకా వీధిలో చూసిన వింతల్లో ఇదీ ఒకటనుకుంది. ఆ జాబితా చదువుతూ వచ్చిన మనకూ అలాగే అనిపిస్తుంది.

ఇంటికెళ్లి చెబితే అన్న నవ్వడు. మనం ముట్టుకుంటే మైలపడుతుందని వాళ్లు నమ్ముతారు, అందుకే ఆ పెద్దాయన అలా పట్టుకున్నాడని చెబుతాడు. బామకు ఎంత కోపమొస్తుందంటే, తానే వెళ్లి ఆ వడల్ని ముట్టేయాలనిపిస్తుంది. ఇక్కడి నుంచి వెనక్కి బాణం గీయాలి. "ఇందాక నేనూ నవ్వాను" అని రాసుకోవాలి. పాఠం పనిచేసేది ఆ బాణం మీదే. ఎడ్ల చిక్కాల దగ్గర మా అమ్మాయి ఒక చుక్క పెట్టింది. "తిండి పక్కనే ఉన్నా తినకూడదు. ఎడ్లూ, తాతా ఇద్దరూ" అని రాసింది. ఈ మాట ఏ గైడ్‌లోనూ నేను చూడలేదు.

తర్వాత అన్న అనుభవం. పక్క ఊరి లైబ్రరీలో పుస్తకాలు తెచ్చుకుని చెరువు గట్టు మీద వస్తుంటే భూస్వామి మనిషి పేరు అడుగుతాడు. పేరుతో తేలదు. ఏ వీధి అని అడుగుతాడు. వీధి తెలిస్తే కులం తెలుస్తుంది. దీని పక్కన రాయడానికి మన దగ్గర లేని ప్రశ్నలా? "మీ ఇంటిపేరేంటి?" "ఊళ్లో ఎటువైపు?" "మీ నాన్నగారు ఏం చేస్తారు?" హైదరాబాద్‌లో అద్దె ఇంటి కోసం తిరిగిన ప్రతి దళిత విద్యార్థికీ ఈ చెరువు గట్టు తెలుసు.

పాఠాన్నే ప్రశ్నించాల్సిన చోటు

చివర్లో అన్న, బాగా చదివితే గౌరవం దానంతటదే వస్తుందని చెబుతాడు. బామ పట్టుదలగా చదివి క్లాసులో ఫస్ట్ వస్తుంది, చాలామంది స్నేహితులవుతారు. పాఠం ఇక్కడ ముగుస్తుంది. ఇక్కడ పెద్ద ప్రశ్న గుర్తు పెట్టమన్నాను. ఫస్ట్ రాని పిల్ల సంగతేమిటి? గౌరవం హక్కా, మార్కులకిచ్చే బహుమతా?

చదువు అవసరం కాదని దీని అర్థం కాదు. అన్న చెల్లెలికి ఇచ్చిన ఆయుధం అదే. అయితే ఈ పేజీ పక్కన మన చరిత్ర కూడా రాసుకోవాలి. కొలంబియా, లండన్‌లలో చదివి 1917లో బరోడా కొలువుకు వెళ్లిన అంబేద్కర్‌కు ఊళ్లో ఉండటానికి ఇల్లు దొరకలేదు. పార్సీల సత్రంలో తలదాచుకుంటే కర్రలతో వచ్చి వెళ్లగొట్టారు. ఇది ఆయనే "వెయిటింగ్ ఫర్ ఎ వీసా"లో రాసుకున్నారు. ఇక మన రోజుల్లో, పీహెచ్‌డీ దాకా చదువుకుంటూ వచ్చిన రోహిత్ వేముల 2016 జనవరి 17న హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో మనకు దూరమయ్యాడు. బామ అన్న మాట పక్కన నేను ఆ పేరు, ఆ తేదీ రాసుకున్నాను.

పాఠం చివర పరీక్షల్లో తరచూ అడిగే ప్రశ్న ఒకటుంది: రెండు జ్ఞాపకాల్లో ఉమ్మడిగా ఉన్నదేమిటి? "ఇద్దరూ వివక్షను ఎదుర్కొన్నారు, చదువుతో జయించారు" అన్న తరహా జవాబే మనం బట్టీ పడతాం. అంచుల్లో రాసుకుంటూ చదివితే ఆ జవాబు నిలవదు. జిట్కలా-షా కథలో ఆ పిల్లను కుర్చీకి కట్టేసి జడ కోసింది బడే. ఆమె జాతిలో జుట్టు కత్తిరించుకునేది దుఃఖంలో ఉన్నవాళ్లు, కురచగా కత్తిరించేది పిరికివాళ్లకు. ఆమె మంచం కింద దాక్కుంది, తన్నింది, గింజుకుంది. అక్కడ బడి జాతిని చెరిపేసే చోటు. బామకు బడి బయటపడే దారి. "చదువు" అన్న మాట ఒకటే అయినా రెండు చోట్లా దాని పని వేరు. ఇది గమనించిన పిల్లలు పరీక్షలో సొంత జవాబు రాయగలరు, మార్కులూ తెచ్చుకోగలరు.

టీచర్లకు ఒక మాట

ఇలాంటి పాఠం క్లాసులోకి వచ్చిన రోజు కొందరు పిల్లలు తల దించుకుని కూర్చుంటారు. నా చిన్నప్పుడు ఒక టీచర్ అంటరానితనం గురించి చెబుతూ, "నువ్వు చెప్పమ్మా, మీ వైపు ఎలా ఉంటుంది?" అని నన్ను లేపి నిలబెట్టారు. ఆయన ఉద్దేశం మంచిదే కావచ్చు. ఆ తర్వాత నెల రోజులు నేను ఆ బెంచీలో కూర్చోలేదు. అనొటేషన్ హోంవర్క్ ఆ అవమానం లేకుండా మాట్లాడే చోటు ఇవ్వగలదు, పాడు చేయకపోతే.

అందుకు చేయాల్సినవి పెద్ద పనులేం కావు. పిల్లలు చూపించదలచుకున్న రాతలే చూడండి. మిగతావి చీటీల మీద రాసుకుని ఇంట్లో ఉంచుకోనివ్వండి. దళిత విద్యార్థిని "నీ అనుభవం చెప్పు" అని లేపకండి. క్లాసు మొత్తానికీ ఒకే ప్రశ్న ఇవ్వండి: ఆ అరుగు మీద కూర్చున్న మనిషి ఏమనుకుంటూ తిని ఉంటాడు? ఆ పొట్లం మా ఇంటికి వచ్చేదా, మా ఇంటి మనిషి మోసేదా? అప్పుడు కులం గురించి ఆలోచించే భారం ఒక్క బెంచీ మీదే పడదు. తెలుగులో రాసిన నోట్‌కు మార్కులు కోయకండి. ఆలోచన ఏ భాషలో పుట్టినా జవాబు ఇంగ్లిష్‌లో రాయడం తర్వాత నేర్పవచ్చు. మన రెండు రాష్ట్రాల్లోనూ ప్రభుత్వ బడుల పాఠ్యపుస్తకాలు ఒకవైపు ఇంగ్లిష్, ఒకవైపు తెలుగుతో వచ్చాయి. పుస్తకంలో రెండు భాషలకు చోటున్నప్పుడు అంచుల్లోనూ ఉండాలి కదా.

వాడల్లో సాయంత్రం ట్యూషన్లు నడిపే మిత్రులు కూడా ఇది చేయవచ్చు. పదిమందికి ఒక పాఠం జెరాక్స్, తలా ఒక పెన్సిల్, ఒక గంట చాలు. గైడ్ తెరవకముందు ఆ గంట ఇవ్వండి.

సెలవులైపోయే ముందు రోజు మా అమ్మాయి పుస్తకం మళ్లీ చూశాను. చెరువు గట్టు పేరా దగ్గర ఒక చీటీ ఉంది. వాళ్ల హాస్టల్‌లో మొదటి రోజు ఎవరు ఏం అడిగారో తెలుగులో, గుండ్రటి అక్షరాలతో రాసుకుంది. అంతకుముందు ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. "ఇది మేడమ్ చూస్తే?" అని అడిగింది. "చూపించాలో లేదో నీ ఇష్టం. ఆ చీటీ నీది" అన్నాను. బడికి తీసుకెళ్లిందో, బ్యాగులో అడుగున దాచుకుందో నేను మళ్లీ అడగలేదు.