ఊరికి పటం గీసే చదువు

ఇంటర్ ఫలితాలు వచ్చాయంటే మన ఇళ్ళలో రెండే మాటలు. ఎంపీసీ పిల్లయితే కంప్యూటర్ సైన్సు, బైపీసీ పిల్లయితే మెడిసిన్. ఆ రెండూ దొరక్కపోతే ఏదో ఒక డిగ్రీలో చేర్పించి సంబంధాలు చూడటం మొదలు పెడతాం. ఇంకో దారి ఉందేమోనని అడిగే తీరిక ఎవరికీ ఉండదు.

మా ఆడబిడ్డ కూతురు ఆమధ్య, "అత్తమ్మా, నేను ప్లానింగ్ చదువుత" అంది. పక్కనే చిక్కుడుకాయలు ఒలుస్తున్న వాళ్ళ నాయనమ్మ, "ఏం ప్లానింగే, ఫ్యామిలీ ప్లానింగా?" అని అడిగేసరికి ఇల్లంతా ఒకటే నవ్వు. పిల్ల మాత్రం నవ్వలేదు. నిజమే మరి. ఇల్లు కట్టుకోవాలంటే వంటగది ఎటు, నీళ్ళ సంపు ఎటు అని నెల రోజులు ఆలోచిస్తాం. అలాంటిది వేలమంది బతికే ఊరికి రోడ్డు ఎటు, మురికి కాలువ ఎటు, బడి ఎక్కడ, చెత్త ఎక్కడ అని ఆలోచించేవాళ్ళు వద్దా? ఆ పని చేసేవాళ్ళే టౌన్ ప్లానర్లు. గాలి, నీరు, అడవి పాడవకుండా చూసేవాళ్ళు పర్యావరణ ఇంజనీర్లు, శాస్త్రవేత్తలు.

మన మూడు ఊళ్ళకి ఎందుకంటే...

ఇదంతా హైదరాబాదు సంగతి, మనకెందుకు అనుకోకండి. 2016 అక్టోబరు 11న జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి జిల్లా కేంద్రాలయ్యాయి. నిన్నటిదాకా వ్యవసాయ భూములున్న చోట ఇవాళ ప్లాట్ల రాళ్ళు లేచాయి. ఊరు పెరగడం సంతోషమే. కానీ వాన నీళ్ళు పోయే దారి చూసుకోకుండా పెరిగితే ఏమవుతుంది?

2023 జులై 27 తెల్లవారుజామున మోరంచవాగు పొంగి భూపాలపల్లి దగ్గరి మోరంచపల్లిని ముంచేసింది. జనం ఇళ్ళ కప్పులెక్కి, చెట్లెక్కి ప్రాణాలు అరచేతిలో పెట్టుకున్నారు. పడవలూ హెలికాప్టర్లూ వచ్చి కాపాడాల్సి వచ్చింది. అయినా కొందరు దక్కలేదు. ఆ ఒక్కరోజులోనే ములుగు జిల్లా లక్ష్మీదేవిపేటలో దాదాపు 65 సెంటీమీటర్ల వాన పడింది. మరుసటేడు సెప్టెంబరు 1న మహబూబాబాద్ జిల్లాలో ఇంటికన్నె, కేసముద్రం మధ్య రైలు పట్టాల కింది కంకర కొట్టుకుపోయి రైళ్ళు ఆగిపోయాయి. వానని ఆపడం ఎవరి తరమూ కాదు. వాగు ఎంత పొంగితే నీళ్ళు ఎక్కడిదాకా వస్తాయో ముందే లెక్కగట్టి, అక్కడ ఇళ్ళు వద్దని పటం మీద గీత గీయడం మాత్రం మనిషి చేయగల పనే. అది కూడా ఈ చదువులో భాగమే.

పటం మీద రంగు చిన్న విషయం కాదు. కామారెడ్డి మాస్టర్ ప్లాన్ ముసాయిదాలో తమ పంట భూముల్ని పారిశ్రామిక జోన్‌లో చూపించారని 2023 జనవరిలో రైతులు రోడ్డెక్కారు. చివరికి మున్సిపల్ కౌన్సిలే దాన్ని వద్దని తీర్మానం చేసింది. పటం గీసేవాళ్ళకి పొలం విలువ తెలిసుండాలి. బిందె పట్టుకుని నల్లా దగ్గర నిలబడ్డ అమ్మాయికి, వీధి దీపం లేని సందులోంచి ట్యూషన్‌కి వెళ్ళొచ్చిన అమ్మాయికి ఊరి కష్టాలు ఒకరు చెప్పాలా?

ఏం చదవాలి?

నాలుగేళ్ళ బి.ప్లానింగ్ కోర్సు ఉంది. ఇంటర్లో లెక్కలు తప్పనిసరి. అంటే ఎంఈసీ పిల్లలు కూడా రాయొచ్చు. చాలామందికి ఈ సంగతే తెలీదు. దీనికి జేఈఈ మెయిన్‌లో పేపర్-2బి రాయాలి. మనకి దగ్గర్లో 2008లో మొదలైన విజయవాడ స్కూల్ ఆఫ్ ప్లానింగ్ అండ్ ఆర్కిటెక్చర్ ఉంది. ఇలాంటివే ఢిల్లీ, భోపాల్‌లలోనూ ఉన్నాయి. హైదరాబాదు మాసబ్‌ట్యాంకులోని జవహర్‌లాల్ నెహ్రూ ఆర్కిటెక్చర్ అండ్ ఫైన్ ఆర్ట్స్ విశ్వవిద్యాలయంలోనూ ప్లానింగ్ చదువులున్నాయి. ప్రవేశాల పద్ధతి ఆ ఏడాది నోటిఫికేషన్‌లో చూసుకోవాలి. సివిల్ ఇంజనీరింగో ఆర్కిటెక్చరో చేసినవాళ్ళు పీజీలో ప్లానింగ్ వైపు రావచ్చు.

బైపీసీ పిల్లలు నిరాశ పడనక్కర్లేదు. సిద్దిపేట జిల్లా ములుగులో (మన సమ్మక్క సారలమ్మల ములుగు కాదు సుమా!) ఫారెస్ట్ కాలేజీ ఉంది. అక్కడ బీఎస్సీ ఫారెస్ట్రీకి ఈఏపీసెట్ ర్యాంకు చూస్తారు. పర్యావరణ శాస్త్రంలో డిగ్రీ, పీజీ మరో దారి.

ఉద్యోగాలు ఉన్నాయా?

తల్లిదండ్రులు అడిగే మొదటి ప్రశ్న ఇదే, అడగాల్సిందే. మున్సిపాలిటీల్లో, పట్టణాభివృద్ధి సంస్థల్లో టౌన్ ప్లానింగ్ విభాగాలుంటాయి. టౌన్ ప్లానింగ్ బిల్డింగ్ ఓవర్సీర్ పోస్టులకి 2022లో టీఎస్‌పీఎస్సీ 175 ఖాళీలతో నోటిఫికేషన్ ఇచ్చింది. పాలిటెక్నిక్‌లో సివిల్ డిప్లొమా చేసినవాళ్ళూ దానికి అర్హులే. అయితే 2023 మార్చిలో జరగాల్సిన ఆ పరీక్ష ముందురోజు వాయిదా పడింది. పిల్లల ఆశలు ఎంత కుంగాయో కోచింగ్‌కి డబ్బు కట్టిన ఇళ్ళకి తెలుసు. కాబట్టి సర్కారు కొలువొక్కటే నమ్ముకోవద్దు. ప్రైవేటు కన్సల్టెన్సీలు, శాటిలైట్ చిత్రాలతో పటాలు తయారుచేసే జీఐఎస్ కంపెనీలు కూడా ప్లానర్లని తీసుకుంటాయి.

పర్యావరణం వైపు కాలుష్య నియంత్రణ మండలి, అటవీ శాఖ ఉన్నాయి. భూపాలపల్లిలో సింగరేణి బొగ్గు గనులు, చెల్పూరులో 1,100 మెగావాట్ల కాకతీయ థర్మల్ కేంద్రం ఉన్నాయి కదా. గాలిలో దుమ్ము ఎంతుంది, నీళ్ళలో ఏం కలుస్తోంది అని కొలిచే పని అలాంటి చోట్ల రోజూ ఉంటుంది. పెద్ద గనో ఫ్యాక్టరీయో రావాలంటే 2006 నాటి నోటిఫికేషన్ ప్రకారం పర్యావరణ ప్రభావం అంచనా వేసి నివేదిక రాయాలి, ప్రజాభిప్రాయం సేకరించాలి. ఆ నివేదికలు రాసేవాళ్ళూ కావాలి, వాటిని చదివి ప్రశ్నించేవాళ్ళూ కావాలి.

ఆడపిల్లకి ఎండలో తిరిగే పనా?

ఈ మాట నేను చాలామంది నోట విన్నాను. పత్తి ఏరేది, మిరపకాయ కోసేది, నాటు వేసేది ఎవరండీ? ఎండ మనకి కొత్త కాదు. టేపూ నోటుబుక్కూ పట్టుకుని తిరిగితేనే ఎండ తగులుతుందా? పైగా ఈ పనిలో సగం కంప్యూటర్ ముందే.

మన ప్రాంతానికి ఇది కొత్త విద్యా కాదు. 13వ శతాబ్దంలో కాకతీయ గణపతిదేవుడి తోబుట్టువు మైలమ బయ్యారంలో చెరువు తవ్వించి ధర్మకీర్తి సముద్రమని పేరు పెట్టింది. ఆ సంగతి చెప్పే శాసనం ఉంది. ఆ బయ్యారం ఇప్పుడు మహబూబాబాద్ జిల్లాలోనే ఉంది. అమెరికాలో జేన్ జేకబ్స్ అనే ముగ్గురు పిల్లల తల్లి ప్లానింగ్ డిగ్రీ లేకుండానే నగరాల మీద 1961లో పుస్తకం రాసింది. న్యూయార్కులో ఇళ్ళు కూల్చి వేయబోయిన పెద్ద రోడ్డుని ఇరుగుపొరుగుతో కలిసి అడ్డుకుంది.

మన మున్సిపాలిటీల్లో సగం వార్డులు ఆడవాళ్ళకే రిజర్వు చేశారు. కుర్చీ దొరికింది, ఇక పటం చదవడం రావాలి. మీ ఊరి మాస్టర్ ప్లాన్ ఖాయం చేసేముందు ముసాయిదాని ప్రదర్శనకి పెట్టి అభ్యంతరాలు అడుగుతారు. ఆ నోటీసు కనిపించినప్పుడు వంట కాస్త తొందరగా ముగించుకుని, ఇంటర్ చదివే మీ అమ్మాయిని వెంటపెట్టుకు వెళ్ళండి. ఏ సందులో నీళ్ళు నిలుస్తాయో మీరు చెప్పండి. పటంలో అది ఎక్కడుందో ఆమెని వెతకమనండి.